బావ తాళం ఉందిగా

సామాన్ల అలమారాకి ఆ ఎర్ర తాళం వేసింది తమ్ముడు.

డాక్టరు భర్తని తీపి మానెయ్యమన్న తర్వాత కూడా ఇంట్లో బిస్కెట్ల డబ్బా ఖాళీ అయిపోతూ ఉండడం ఆమె గమనించింది. అడిగితే భర్త పేపరులోంచి తల ఎత్తకుండా, "ఎలుకలేమో" అన్నాడు.

"మూత తీసి, తిని, మళ్ళీ మూత బిగించి వెళ్ళే ఎలుకలా?"

"నీ ఇంటి ఎలుకలు కదక్కా, అవీ డిగ్రీ చదివుంటాయి," అన్నాడు తమ్ముడు.

మర్నాడు పని నుంచి వస్తూ వాడు తన డ్యూటీ తాళం తెచ్చి అలమారా గొళ్ళేనికి తగిలించి నొక్కాడు. దానికి ఒక అట్టబిళ్ళ వేలాడుతోంది. బిళ్ళ మీద వాడి ఫోటో, కింద "అపాయం. నేను తప్ప ఈ తాళం ఎవరూ తీయరాదు" అని అచ్చు అక్షరాలు. ఫోటోలో వాడు పరీక్ష హాల్లో కూర్చున్నవాడిలా బిగదీసుకుని ఉన్నాడు. తాళంచెవి అక్క చేతిలో పెట్టి, "ఇకమీదట మీ ఆయన బిస్కెట్టు తినాలంటే నన్ను దాటి వెళ్ళాలి" అన్నాడు.

ఆమె భర్త పశువుల దాణా మిల్లులో హెడ్ ఫిట్టరు. తమ్ముడు ఫిట్టరు కోర్సు అయ్యాక అదే మిల్లులో ఆయన చేతికింద చేరాడు. వాళ్ళ మేడమీద గదిలోనే ఉంటాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడని మిల్లులో అందరూ పుల్ల అంటారు. బావ కూడా అలాగే పిలుస్తాడు.

మిల్లులో ఏ యంత్రాన్ని బాగుచేయాలన్నా ఒక పద్ధతి ఉంది. ముందు కరెంటు ఆపాలి. ఆపిన మెయిన్ స్విచ్‌ని మళ్ళీ ఎవరూ వేయడానికి వీల్లేకుండా దానికి తాళం వేయాలి. గాలి పైపు కట్టేసి, లోపల మిగిలిపోయిన గాలిని కూడా వదిలెయ్యాలి. తర్వాత స్టార్టు బటను ఒకసారి నొక్కి, యంత్రం కదలడం లేదని చూసుకుని, అప్పుడే చేయి పెట్టాలి. ఎంతమంది పనిచేస్తుంటే అన్ని తాళాలు పడాలి. ఒక్కో తాళానికి ఒక్కటే తాళంచెవి, అది వేసినవాడి జేబులోనే ఉంటుంది. ఆఖరి మనిషి బయటికొచ్చి ఆఖరి తాళం తీసేదాకా ఆ స్విచ్ కదలదు.

ఇదంతా ఆమెకి ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. భోజనాల దగ్గర బావా బావమరుదుల మాటల్లో కొంత వింది. మిక్సీ చెడిపోయినప్పుడు భర్త చేతులు చూసి కొంత తెలుసుకుంది. ఆయన ప్లగ్గు పీకి తన ఒళ్ళో పెట్టుకుంటాడు. స్విచ్ ఒకసారి నొక్కి చూస్తే గాని బ్లేడు మీద వేలు వెయ్యడు.

"ప్లగ్గు మీ ఒళ్ళోనే ఉంది కదండీ, ఇంకా నొక్కడం ఎందుకు?" అని ఒకసారి అడిగింది.

"నా ఒళ్ళో ఉన్నది దీని ప్లగ్గేనని ఏమిటి నమ్మకం?" అన్నాడాయన.

అందుకే తమ్ముడి తాళం ఇంటికి రావడం ఆమెకి వింతగా తోచింది.

"ఇది నీకు అక్కడ అక్కర్లేదట్రా?"

"బావ తాళం ఉందిగా."

"ఆయనది ఆయనకి. మరి నీకు?"

"ఇద్దరం ఒకచోటే పనిచేస్తాం, ఒకేసారి బయటికొస్తాం. పెద్దవాడు తాళం వేసి నిలబడ్డాక పక్కన నేనూ ఒకటి తగిలిస్తే ఏం బాగుంటుందక్కా? నీ మీద నాకు నమ్మకం లేదు బావా అని బోర్డు పెట్టినట్టు ఉండదూ?"

భర్త అన్నం కలుపుకుంటున్నాడు. "రూలు రూలేరా పుల్లా," అన్నాడు. ఆ గొంతులో మందలింపు లేదు. ఎవరైనా తన పనితనాన్ని మెచ్చుకున్నప్పుడు ఆయన ముఖం ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు. అప్పుడు అలాగే ఉంది. మాట అక్కడితో ఆగిపోయింది. తాళంచెవి ఆమె పర్సు లోపలి అరలోకి చేరింది.

*

వేసవి చివర్లో ఒక మధ్యాహ్నం మిల్లు నుంచి ఫోను వచ్చింది. హెడ్ ఫిట్టరు కడుపునొప్పితో ఆవరణలో పడిపోయాడనీ, వ్యానులో ఆసుపత్రికి తీసుకెళ్ళారనీ చెప్పారు. ఆమె పొయ్యి ఆపి, ఆపానా లేదా అని మళ్ళీ ఒకసారి వెనక్కి వచ్చి చూసుకుని, ఇల్లు తాళం పెట్టి బయల్దేరింది.

వెళ్ళేసరికి ఆయన నొప్పికి వంకర్లు తిరిగిపోతున్నాడు. నుదుటి మీద చెమట. ఆమెని చూసి ఏదో చెప్పబోయాడు, మాట నొప్పిలో కొట్టుకుపోయింది. నర్సు ఇంజెక్షన్ ఇచ్చింది. కాసేపటికి పిడికిళ్ళు వదులయ్యాయి, కళ్ళు మూతపడ్డాయి.

"కిడ్నీలో రాయి," అన్నాడు డాక్టరు. "ప్రాణభయం ఏమీ లేదు. సాయంత్రం దాకా మత్తుగా ఉంటారు, లేపకండి."

నర్సు ఒక ప్లాస్టిక్ సంచీ తెచ్చి ఇచ్చింది. అందులో ఆయన చొక్కా, బెల్టు, చేతిగడియారం, ఎర్ర బిళ్ళ కట్టిన ఒక తాళంచెవి ఉన్నాయి. చొక్కా నిండా దాణా వాసన. ఆమె చొక్కాని మడతపెట్టి, సంచీ ఒళ్ళో పెట్టుకుని మంచం పక్కన కూర్చుంది. తమ్ముడు రాలేదేమా అని ఒకసారి అనుకుంది. పని మధ్యలో ఉన్నాడేమో, అది అయ్యాక వస్తాడు అని తనే సర్దుకుంది.

ఎండ వాలిపోయి, కిటికీ ఊచల నీడలు దుప్పటి మీదికి సాగిన వేళ మిల్లు వ్యాను డ్రైవరు వచ్చాడు. భర్తని మధ్యాహ్నం ఆసుపత్రికి తెచ్చింది ఆయనే. తలుపు దగ్గరే టోపీ తీసి, మంచం మీది మనిషిని చూసి, ఆమెని సైగతో వరండాలోకి పిలిచాడు.

"పెద్దమేస్త్రి తాళంచెవి మీ దగ్గరుందా అమ్మా? కొత్త షిఫ్టు ఇంచార్జిగారు తెమ్మన్నారు. దాణా కలిపే మిక్సర్ ఆగిపోయి ఉంది. గేటు బయట లారీలు బారులు తీరాయి."

"ఆయన తాళం ఆయనే తియ్యాలి కదా బాబాయ్."

"మనిషి ఇక్కడ పడుకుని ఉంటే యంత్రంలో ఎవరుంటారమ్మా? అయినా ఇంచార్జిగారు లోపలికి లైటు వేసి చూశారు, గట్టిగా పిలిచారు కూడా. స్విచ్‌కి ఒక్కటే తాళం ఉంది, అది ఈయనది. తాళంచెవి లేకుండా వెళ్ళానంటే నా చెవి మెలిపెడతారు."

మాటలో తప్పేమీ కనబడలేదు. ఆమె సంచీలోంచి తాళంచెవి తీసింది. ఇచ్చేయబోతూ ఆగింది.

"మా తమ్ముడితో ఒక మాట అనేసి ఇస్తాను. వాడు మిల్లులోనే ఉన్నాడుగా?"

"పుల్లా?" డ్రైవరు ఆశ్చర్యపోయాడు. "ఇక్కడ లేడా? బావగారి వెనకాలే బండి మీద వచ్చేశాడని అందరం అనుకున్నామే. ఈయన్ని వ్యాను ఎక్కించేటప్పుడు షిఫ్టు మారే గోల, ఎవరెవరున్నారో చూడలేదు."

"ఇక్కడికి రాలేదు."

"అయితే ఇంటికెళ్ళి స్నానం చేసి వస్తాడేమోనమ్మా."

ఆమె ఫోను కోసం పర్సు తెరిచింది. తమ్ముడి నంబరు మోగి మోగి ఆగిపోయింది. పని చేసేటప్పుడు వాళ్ళు ఫోన్లు బట్టల అరలో పెట్టి తాళం వేసుకుంటారు. ఇంటికి బయల్దేరి ఉంటే ఫోను చేతిలోనే ఉండాలి. బావ పడిపోయాడని తెలిస్తే వాడు స్నానానికి వెళ్ళే మనిషి కాదు. చెప్పులు కూడా లేకుండా పరిగెత్తుకొస్తాడు.

ఫోను తిరిగి పర్సులో పెడుతుంటే లోపలి అరలో వేలికి ఏదో తగిలింది. బయటికి తీసింది. తాళంచెవి. ఎర్ర బిళ్ళ.

ఒక చేతిలో భర్తది, ఒక చేతిలో తమ్ముడిది. ఒకే సైజు, ఒకే రంగు, బిళ్ళల మీద నంబర్లే వేరు. పొద్దున అలమారా తుడుస్తూ ఆ తాళాన్ని, దాని మీది ఫోటోని కూడా గుడ్డతో తుడిచిన సంగతి ఆమెకి గుర్తొచ్చింది. తాళం అక్కడ ఉంటే మిల్లులో ఉండదు. మిల్లులో లేకపోతే, స్విచ్ దగ్గర నిలబడి చూసిన వాళ్ళకి లోపల రెండో మనిషి ఉన్నాడని చెప్పేదేమీ లేదు.

"బాబాయ్, మీ ఇంచార్జిగారికి ఫోను కలపండి," అంది.

ఇంచార్జి మర్యాదస్తుడే. "అమ్మా, మేం రూలు ప్రకారమే వెళ్తున్నాం," అన్నాడు. "తాళం వేసిన మనిషి రాలేని స్థితిలో ఉంటే, లోపల ఎవరూ లేరని చూసుకుని, వాళ్ళకి కబురు పెట్టి తీయొచ్చు. మీవారు మత్తులో ఉన్నారన్నారు కాబట్టి తాళంచెవి అడిగాను. ఇవ్వడం కుదరకపోతే పరవాలేదు, తాళం కోసే కట్టర్ తెప్పించాను. ఇదిగో, వచ్చేసింది కూడా."

"కొయ్యకండి. మా తమ్ముడు లోపల ఉన్నాడు."

"అతని తాళం లేదమ్మా. నేను స్విచ్ ముందే నిలబడి మాట్లాడుతున్నాను. ఉన్నది ఒక్కటే."

"అతని తాళం మా ఇంట్లో బిస్కెట్ల అలమారాకి ఉంది. తాళంచెవి నా చేతిలో ఉంది."

అవతల దూరంగా ఏదో యంత్రం మోత మాత్రం వినిపిస్తోంది.

"మీరు చూసింది పైన మిక్సర్ లోపలేనా, కింద తొట్టిలో కూడానా?" అని అడిగింది.

"మిక్సర్‌లో."

"తొట్టి పని ఎప్పుడూ వాడిదే. సన్నగా ఉంటాడని వాడినే దింపుతారు. దాని తలుపు గోడవైపు ఉంటుందట కదా. చెవుల్లో బిరడాలు పెట్టుకుని పనిచేస్తాడు, పిలిస్తే వినబడదు."

"లైన్లో ఉండండి," అన్నాడు ఇంచార్జి. ఫోను దేనిమీదో పెట్టిన చప్పుడయింది. "ఎవరూ తాళం ముట్టుకోకండి. కట్టర్ నాకివ్వు. ముందు నాకిచ్చెయ్." తర్వాత ఇనప మెట్ల మీద బూట్ల చప్పుడు, అదీ దూరమైపోయింది.

తొట్టి సంగతి ఆమెకి బావా బావమరుదుల హాస్యాల్లోంచే తెలుసు. మిక్సర్ కలిపిన దాణా కింద తొట్టిలో పడుతుంది. తొట్టి అడుగున స్క్రూ ఉంటుంది, మెలికలు తిరిగిన ఇనప పట్టీతో చేసిన పొడుగాటి ఇరుసు. అది తిరుగుతూ దాణాని ముందుకి తోసుకుపోతుంది. మిక్సర్‌కీ స్క్రూకీ స్విచ్ ఒకటే. స్క్రూకి చెరో పక్క కాలు వేసి నిలబడి, అంచులకి అట్టకట్టిన దాణాని గీకుతాడు తమ్ముడు. "నువ్వు లావెక్కితే నీకు ఉద్యోగం పోతుందిరా, తొట్టిలో పట్టవు" అని బావ ఏడిపిస్తూ రెండో ముద్ద వడ్డించేవాడు.

ఆమె ఫోను చెవికి అదుముకుని నిలబడింది. వరండాలో ఎవరో ఆయా నేల తుడుస్తూ వచ్చి, ఆమె కాళ్ళ దగ్గర ఆగి, జరగమని అడగకుండా చుట్టూ తుడుచుకుని వెళ్ళిపోయింది. డ్రైవరు గోడకి ఆనుకుని, టోపీని రెండు చేతులా నలుపుతున్నాడు. ఆమె అరచేతిలో రెండు తాళంచెవులూ తడిసిపోయాయి.

అడుగులు. ఎవరో ఫోను అందుకున్నారు. ఊపిరి వినిపించింది.

"అక్కా, బావకేమైందే?"

ఆమె గోడ పట్టుకుంది.

"మంచినీళ్ళు తాగొస్తానని చెప్పి వెళ్ళాడు," అంటున్నాడు వాడు. "వస్తాడు కదా అని నేను గీక్కుంటూ కూర్చున్నాను. పడిపోయాడంటున్నారు, నాకెవరూ చెప్పలేదు. ఎలా ఉన్నాడు?"

"బాగానే ఉన్నాడు. నిద్రపోతున్నాడు. నువ్వు బయటికొచ్చావా?"

"వచ్చాను."

"పూర్తిగా వచ్చేశావా?"

"కాళ్ళూ చేతులతో సహా వచ్చానక్కా. ఏమిటలా అడుగుతావు?"

వాడికింకా తెలియదు. ఆమె ఫోను డ్రైవరు చేతిలో పెట్టి బెంచీ మీద కూర్చుండిపోయింది.

*

తమ్ముడు వచ్చేటప్పటికి వాడికి అంతా చెప్పేశారు. కనుబొమల మీద, చెవుల వెనక దాణా పిండి అలాగే ఉంది. వచ్చి మంచం కాళ్ళవైపు నిలబడ్డాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"దులుపుకోనైనా లేదేమిట్రా," అంది ఆమె.

"ఆసుపత్రిలో ఆవులేమైనా ఉంటే పనికొస్తుందని," అన్నాడు. నవ్వబోయాడు, కుదర్లేదు. "ఇంచార్జిగారి చేతిలో కట్టర్ చూశానక్కా," అన్నాడు. "నన్ను బయటికి లాగినప్పుడు ఇంకా చేతిలోనే ఉంది."

ఆమె చీరకొంగుతో వాడి ముఖం తుడిచింది. చిన్నప్పటి తర్వాత ఎప్పుడూ అలా తుడవనివ్వలేదు వాడు. ఇప్పుడు కదలకుండా నిలబడ్డాడు.

దీపాలు వేశాక భర్త కళ్ళు తెరిచాడు. ముందు పైకప్పు వైపు చూశాడు, తర్వాత ఆమె వైపు. నాలుక తడుపుకుని అడిగిన మొదటి మాట, "తాళం తియ్యలేదు కదా?"

"లేదు. మీరు వేసినట్టే ఉంది."

"పుల్ల?"

"ఇక్కడే ఉన్నాను బావా."

ఆయన తల కొద్దిగా ఎత్తి వాడిని పైనుంచి కిందికి చూశాడు. తర్వాత తల మళ్ళీ దిండు మీద వాల్చాడు. కంటి చివరనుంచి నీరు చెవిలోకి జారింది, తుడుచుకోలేదు. సెలైను గొట్టం ఉన్న చెయ్యి దుప్పటి మీద వెతుక్కుంటూ వస్తే తమ్ముడు వెళ్ళి పట్టుకున్నాడు.

జరిగింది ఆమె చెప్పింది. ఏదీ తగ్గించలేదు, పెంచలేదు. లారీల దగ్గర మొదలుపెట్టి కట్టర్ దాకా చెప్పింది.

"మంచినీళ్ళకి అని వచ్చాను," అన్నాడు భర్త. "నొప్పి ముందే మొదలైంది. వాడికి చెప్తే కంగారుపడతాడని చెప్పలేదు. ఇక్కడ నిన్ను చూడగానే వాడు లోపల ఉన్నాడని చెప్పాలనుకున్నాను. చెప్పాననే అనుకున్నాను."

"తప్పు నాది బావా. నా తాళం నేను..."

"నోరు ముయ్యి." గొంతులో బలం లేదు గాని మాట గట్టిగానే ఉంది. "నువ్వు వెయ్యనంటే నాకు గొప్పగా ఉండేదిరా. నా బావమరిది నా తాళం కింద నిశ్చింతగా ఉంటాడు అనుకునేవాణ్ణి. మిగతావాళ్ళ ముందు కూడా అదే గొప్ప. కొత్తగా చేరినవాడు ఎవడైనా తాళం మరిచిపోతే గేటు బయటికి పంపించాను నేను. నిన్ను పంపించలేదు."

ఆమె పర్సు తెరిచి తమ్ముడి తాళంచెవి తీసింది. వాడి చేతిలో పెట్టలేదు. భర్త చేతిలో పెట్టింది. ఆయన దాన్ని కాసేపు వేళ్ళమధ్య తిప్పి, బిళ్ళ మీద నంబరు వెలుగులోకి పెట్టి చదివి, అప్పుడు వాడికిచ్చాడు.

ఇంచార్జి ఫోను చేశాడు. నోటిమాటగా సరేనంటే తాళం తీయిస్తానన్నాడు. ఎలా ఉందని కూడా అడిగాడు. లోపల ఎవరూ లేరు కాబట్టి తీసినా ప్రమాదం లేదు, ఆ సంగతి అందరికీ తెలుసు. "రేపు నేనే వచ్చి తీస్తాను సార్," అన్నాడు భర్త. ఇంచార్జి "అలాగే. లారీలకి నేను చెప్పుకుంటాను," అన్నాడు.

*

మర్నాడు ఆసుపత్రి నుంచి పంపించేశాక వ్యాను ఇంటికి కాకుండా మిల్లుకి వెళ్ళింది. ఆమె ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఆ గేటు దాటి లోపలికి వెళ్ళలేదు. భర్త ఒక చేత్తో మెట్ల కమ్మీ, ఒక చేత్తో ఆమె భుజం పట్టుకుని ఎక్కాడు. తమ్ముడు వెనక మెట్టు మీద, పడితే పట్టుకోవడానికి తయారుగా నడిచాడు.

స్విచ్ గది చిన్నది. గోడకి బూడిదరంగు పెట్టెలు. ఒక పెట్టె పిడికి ఇనప కొక్కెం, ఆ కొక్కేనికి తాళాలు పట్టే కన్నాలు వరసగా. ఒక కన్నంలో భర్త తాళం. ఫోటోలో ఆయన జుట్టు ఇంకా నల్లగా ఉంది. మిగతా కన్నాలు ఖాళీ. ఆమె ఆ ఖాళీ కన్నాల వైపే చూస్తూ నిలబడింది. ఇంతకాలం భోజనాల బల్ల దగ్గర విన్న మాటలన్నిటికీ ఇంత చిన్న చోటు సరిపోయిందే అనిపించింది.

భర్త తాళం తీయలేదు. తమ్ముడి వైపు తిరిగాడు.

"తొట్టి పని అయిందా?"

"కొంచెం ఉంది బావా. ఒక మూల."

"తాళం తెచ్చావా?"

వాడు జేబులోంచి తీశాడు. ఆ పొద్దున్నే ఇంటికెళ్ళి అలమారానుంచి తీసుకొచ్చాడు. బావ తాళం పక్క కన్నంలో దాన్ని దూర్చి నొక్కాడు. తాళంచెవి జేబులో వేసుకుని, వెళ్ళి స్టార్టు బటను నొక్కాడు. ఏమీ కదల్లేదు. మళ్ళీ ఒకసారి నొక్కాడు. అప్పుడు భర్త తన తాళం తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

కొక్కేనికి తమ్ముడి తాళం ఒక్కటే మిగిలింది.

"నువ్వు బయటికొచ్చేదాకా ఇక్కడే కూర్చుంటాను," అన్నాడు భర్త.

"డాక్టరు పడుకోమన్నాడు నిన్ను."

"కూర్చుంటానురా."

ఎవరో స్టూలు తెచ్చి వేశారు. ఆయన స్విచ్ పెట్టెకి ఎదురుగా కూర్చున్నాడు. ఆమె పక్కన నిలబడింది. కింద తొట్టిలోంచి గీకుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆగినప్పుడల్లా ఇద్దరూ తలెత్తేవారు, మళ్ళీ మొదలయ్యేది.

ఇంటికొచ్చాక అలమారా గొళ్ళెం తెరిచే ఉంది. కొత్త తాళం కొంటానన్నాడు తమ్ముడు, ఆమె వద్దంది. గొళ్ళేనికి ఒక చెంచా దూర్చింది. ఎవరైనా తీయొచ్చు. అయినా బిస్కెట్ల డబ్బా బరువు తగ్గడం లేదు. ఒకరోజు ఆమె మూత తీసి చూస్తే మెత్తబడిపోయి ఉన్నాయి. పారేసి, డబ్బా కడిగి, ఎండలో బోర్లించింది.